కాందిశీకుల శిబిరం: రంగూన్ రేవు నుండి బాలాపూర్ దాకా

 

చరిత్ర వ్యాసం అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్ర రాయాలంటే పాళెగాళ్ళ దగ్గర మొదలుపెట్టి, హైదరాలీ, టిప్పు సుల్తానుల మీదుగా, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఘట్టం దాకా చెప్పుకోవచ్చు. అదంతా మన పెద్దలు చెప్పగా విన్నదే. ఈసారి మాత్రం కోటలు లేనివారి చరిత్ర, ఊరే లేకుండా పోయినవారి చరిత్ర రాయాలని కూర్చున్నాను. అంటే కాందిశీకుల చరిత్ర.

దీనికి కారణం తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న. హిజ్రత్ పాఠం చెబుతున్నాను. మక్కాలో బాధలు పడలేక మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారూ, వారి అనుచరులూ క్రీ.శ. 622లో మదీనాకు తరలివెళ్ళారనీ, వెళ్ళినవారిని ముహాజిర్లు అన్నారనీ, ఆదరించిన మదీనా వారిని అన్సార్లు అన్నారనీ చెప్పాను. అప్పుడు వెనక బెంచీలో నుండి ఒకడు లేచి, "సార్, వాళ్ళు మదీనాకి పోయినారు సరే. హైదరాబాదులో గుడిసెల్లో ఉండే బర్మావాళ్ళు ఎవరి ఊరికి వచ్చినట్లు?" అన్నాడు. గంట కొట్టే వేళ అయింది. రేపు చెబుతాలే అని తప్పించుకున్నాను. ఆ రేపు చాలా రోజులు వాయిదా పడింది. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను బాకీపడిన జవాబు.

రంగూన్ బాట

ఉర్దూ చదువుకున్నవాడికి రంగూన్ కొత్త పేరు కాదు. 1857 తిరుగుబాటు తరువాత చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను ఇంగ్లీషువారు 1858లో ఢిల్లీ నుండి పంపించివేసింది రంగూన్‌కే. 1862 నవంబరు 7వ తేదీన ఆయన అక్కడే కన్నుమూశాడు. చక్రవర్తి కూడా పరాయిగడ్డ మీద దిక్కులేనివాడుగా పోయాడని మా ఉస్తాదు చెబుతూ కళ్ళు తుడుచుకోవడం నాకు జ్ఞాపకం.

తెలుగువారికి రంగూన్ మరో విధంగా సుపరిచితం. 1826లో యాండబూ సంధితో అరకాన్, తెనసరీం ప్రాంతాలు ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా, 1886 నాటికి బర్మా మొత్తం వారి పాలన కిందికి పోయింది. వరిపొలాలు, బియ్యం మిల్లులు, రేవులు పెరిగాయి. కూలీలు కావలసి వచ్చారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుండి మన తెలుగువారు వేలాదిగా ఓడలెక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి వచ్చినవారు గనుక బర్మాలో వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఓడల్లో మూటలెత్తేవారు, రిక్షాలు లాగేవారు, మిల్లుల్లో పనిచేసేవారు చాలామంది వాళ్ళే. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉండేవారు. రంగూన్ పట్టణంలోనైతే సగానికి పైగా జనం మనవాళ్ళే!

ఎక్కడికి పోయినా బతుకుతెరువు దగ్గర తగాదా వస్తుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు తిరిగి పనికి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. ఆ మంట పెద్ద కొట్లాటగా మారి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది తెలుగువారు. 1938లో మళ్ళీ అల్లర్లు. ఈసారి ముస్లింలు గురి అయ్యారు.

ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో పట్టణం జపాను వశమైంది. లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల గుండా కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. ఆకలికి, మలేరియాకు, కలరాకు వేలమంది దారిలోనే రాలిపోయారు. గమనించండి, వీరంతా రాజకీయం తెలిసిన వారు కారు. రోజు కూలీ తెలిసినవారు మాత్రమే.

ఓడ వచ్చినవారు

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి బర్మా వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైన్యంతో అధికారం చేజిక్కించుకున్నాడు. 1963, 1964 సంవత్సరాలలో బ్యాంకులు, మిల్లులు, చివరకు చిల్లర దుకాణాలు కూడా జాతీయం చేశారు. 1964 మే నెలలో పెద్ద నోట్లు చెల్లవన్నారు. మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన సుమారు మూడు లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో బయలుదేరారు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవుల్లో వారు దిగారు.

విశాఖపట్నంలో కంచరపాలెం ప్రాంతంలో వారికి చోటు చూపించారు. ఆ పేట పేరు బర్మా క్యాంపు. ఈనాడు అక్కడ క్యాంపు లేదు, మామూలు పేటే ఉంది, కాని పేరు మాత్రం పోలేదు. మన కుప్పం నుండి రైలెక్కి మద్రాసు పోయే వారికి బీచ్ స్టేషను పక్కన ఉన్న బర్మా బజారు తెలిసే ఉంటుంది. ఒకప్పుడు ఫారిన్ గడియారమో, ట్రాన్సిస్టరో కావాలంటే మనవాళ్ళు అక్కడికే పరిగెత్తేవారు. ఆ బజారు 1969లో బర్మా నుండి వచ్చినవారి బతుకుతెరువు కోసం ఏర్పడింది. ఆ వీధుల్లో 'అత్తో' అని నూడుల్స్ కలిపి పెట్టే బండ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది బర్మా తిండే.

అదే 1969లో భారత ప్రభుత్వం బర్మా, సిలోన్‌ల నుండి తిరిగి వచ్చినవారి కోసం మద్రాసులో ఒక సహకార బ్యాంకు పెట్టింది. దానినే రెప్కో బ్యాంకు అంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అందులో వాటాదారు. వ్యాపారానికి అప్పు, ఉండటానికి చోటు, పిల్లలకు బడి, రేషను కార్డు, ఓటు. ఇవన్నీ ఆలస్యంగానో, అరకొరగానో అందాయి. వారి కష్టాలు తక్కువేం కాదు. రంగూన్‌లో దుకాణం పెట్టుకున్నవాడు ఇక్కడ ఫుట్‌పాత్ మీద దువ్వెనలు అమ్ముకున్నాడు. కాని ఒక్క తరం గడిచేసరికి వాళ్ళను కాందిశీకులు అనడం మానేశారు. ఎందుకంటే వారు భారతీయులని ప్రభుత్వం ఒప్పుకుంది.

విమానం వచ్చినవారు

ఇది కోస్తావారి సంగతి, మనకేమి అని ఎవరైనా అనవచ్చు. మన సంగతే చెబుతాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. కడప, పాత చిత్తూరు జిల్లాల నుండి డ్రైవర్లుగా, వంటవారుగా, ఇంటిపనికి పోయిన వేలమంది అక్కడ చిక్కుకుపోయారు. అప్పుడు నేను చిన్న పిల్లవాణ్ణి. మా చిచ్చా కువైట్‌లో ఉండేవాడు. దాదీమా తస్బీహ్ పట్టుకుని రేడియో ముందు నుండి లేచేది కాదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. వీధిలో ఎవరింటికైనా కబురు వచ్చిందంటే అందరూ అక్కడికి పరుగు.

రెండు నెలలు గడిచాక చిచ్చా ఇల్లు చేరాడు. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోయి, అక్కడ ఎడారిలో గుడారాల్లో ఉన్నారట. పగలు నిప్పులు, రాత్రి చలి. రొట్టె కోసం వరుస, నీళ్ళ కోసం వరుస. "నీళ్ళకంటే పేరు కోసమే ఎక్కువ ఎదురు చూసినాము" అనేవాడు ఆయన. దినమూ ఎవరో అధికారి వచ్చి జాబితా చదువుతాడు. పేరు వచ్చినవాడు అమ్మాన్ విమానాశ్రయానికి పోతాడు. రానివాడు మళ్ళీ గుడారంలోకి పోయి కూర్చుంటాడు. ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు తిరిగి సుమారు లక్షా డెబ్బై వేల మందిని స్వదేశం చేర్చాయి.

అంటే ఏమిటి? మన మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల మనుషులు కూడా కొన్ని వారాలు కాందిశీకుల శిబిరంలో ఉన్నవారే. ఆ తేడా అంతా ఒక్క దాంట్లోనే ఉంది. మన చిచ్చాల కోసం విమానం పంపడానికి ఒక దేశం ఉంది. వాళ్ళ జేబుల్లో పాస్‌పోర్టు ఉంది. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాడి పేరు కూడా రాయబారి కార్యాలయం వారు రాసుకున్నారు.

ఏదీ రానివారు

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వస్తాను.

బర్మాకు పడమటి అంచున, బంగాళాఖాతం ఒడ్డున ఉన్నదే అరకాన్. దానినే ఇప్పుడు రఖైన్ రాష్ట్రం అంటున్నారు. 1784 దాకా అది వేరే రాజ్యం. ఆ సంవత్సరం బర్మా రాజు దానిని జయించాడు. అక్కడి రోహింగ్యా ముస్లింలు చిట్టగాంగ్ మాటకు దగ్గరగా ఉండే భాష మాట్లాడతారు. బర్మా ప్రభుత్వం వారిని తన జాతుల్లో ఒకటిగా అంగీకరించలేదు. 1978లో సైన్యం జరిపిన తనిఖీల వలన సుమారు రెండు లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. తరువాత చాలామందిని వెనక్కి పంపారు. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టంతో వారు పుట్టిన గడ్డమీదనే పరాయివారయ్యారు. 1991, 1992లలో మళ్ళీ రెండున్నర లక్షల మంది సరిహద్దు దాటారు. 2012లో అల్లర్లు. 2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్ చేరారు. కాక్స్ బజార్ దగ్గరి కుతుపలాంగ్ శిబిరం ప్రపంచంలోనే అతిపెద్ద కాందిశీకుల శిబిరం అయింది. అక్కడ మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సాయాన్ని 2023లో నిధులు చాలక 8 డాలర్లకు తగ్గించారు. తరువాత మళ్ళీ పెంచారు గాని, ఇతరుల దయమీద బతికే బతుకు ఎలా ఉంటుందో ఆ లెక్కే చెబుతుంది.

వారిలో కొన్నివేల మంది మన దేశానికి వచ్చారు. జమ్ము, ఢిల్లీ, మేవాత్, హైదరాబాదుల్లో తలదాచుకున్నారు. హైదరాబాదులో ముఖ్యంగా 2012 తరువాత పాతబస్తీ దక్షిణాన బాలాపూర్, బార్కస్ పరిసరాల్లో వారి గుడిసెలు వెలిశాయి. బార్కస్ పేరు వెనక కూడా ఒక కథ ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల బారకాసులు ఉన్న చోటు అది. ఒకనాడు ఓడ దిగి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు స్థానికులై పోయిన పేట పక్కనే, ఈనాటి ముహాజిర్లు గుడారం వేసుకున్నారు.

బాలాపూర్‌లో ఒక దినం

శిబిరం అంటే ప్రభుత్వం కట్టించినది అనుకునేరు. ప్రైవేటు ఖాళీ స్థలాలను అద్దెకు తీసుకుని, వెదురు కర్రలు, రేకులు, టార్పాలిన్ పట్టాలతో వరుసగా వేసుకున్న గుడిసెలవి. స్థలానికి అద్దె, కరెంటుకు డబ్బు నెలనెలా కట్టాల్సిందే. స్థలం యజమాని అవసరమని అడిగితే ఖాళీ చేయాల్సిందే.

తెల్లవారు జామున నీళ్ళతో మొదలవుతుంది దినం. బోరు దగ్గరో, ట్యాంకరు దగ్గరో బిందెలు వరుసకడతాయి. మరుగుదొడ్లు అందరికీ కలిపి కొన్నే. ఆడవాళ్ళు చీకటి ఉండగానే లేస్తారు. ఫజర్ నమాజు కాగానే మగవాళ్ళు కూలీ అడ్డాకు పోతారు. కట్టడం పని, మాంసం దుకాణాల్లో పని, చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరి తూకానికి వేయడం, ఇవే ముఖ్యమైన పనులు. పని దొరికిన రోజు పొయ్యి వెలుగుతుంది. చేపలు, అన్నం వాళ్ళకు ప్రాణం, చేప దొరకనప్పుడు మిరపకాయ కారంతోనే సరిపెట్టుకుంటారు.

ఎండాకాలంలో రేకుల కింద కూర్చోలేరు. వానాకాలంలో నేల ఊరుతుంది. నిప్పు అంటే వాళ్ళకు మరీ భయం. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ కాళింది కుంజ్ దగ్గరి రోహింగ్యా శిబిరం రాత్రికి రాత్రే బూడిద అయింది. 2021 మార్చిలో కుతుపలాంగ్‌లో వేల గుడిసెలు కాలిపోయాయి. గుడిసెతో పాటు కాలేది బియ్యం, బట్టలు మాత్రమే కాదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకున్న కాగితాలు కూడా. బియ్యం ఎవరైనా ఇస్తారు, ఆ కాగితం ఎవరిస్తారు?

జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రికి పోతారు. భాష రాదు గనుక బడికి పోయే పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకుపోతారు. తల్లి నొప్పిని ఎనిమిదేళ్ళ పిల్ల డాక్టరుకు ఉర్దూలో చెబుతుంది. సాయంత్రం వేళ కుతుపలాంగ్‌లో ఉన్న తల్లికో, తమ్ముడికో ఫోను చేస్తారు. చూసిరావడానికి మాత్రం దారి లేదు. మౌత్ అయితే మట్టి ఇవ్వడానికి ఆ రెండు గజాల చోటు చుట్టుపక్కల ముస్లింల దయ.

స్థానికుల మాట కూడా చెప్పాలి. ఒకవైపు మాటే చెబితే అది చరిత్ర కాదు. బాలాపూర్ పేదవారికి కూడా నీళ్ళు చాలవు, కూలీ చాలదు. తక్కువ కూలీకి వచ్చేవాడిని చూస్తే పక్కవాడికి కడుపుమంట రావడం సహజం. 1930 నాటి రంగూన్ రేవులో మన తెలుగు కూలీల మీద బర్మీయులకు వచ్చిన కోపమూ ఇదే కదా! దేశ భద్రత దృష్ట్యా అనుమతి లేకుండా వచ్చినవారిని ఉండనివ్వలేమని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ మాటను కూడా మనం గౌరవంగానే వినాలి.

కాగితం

ఐక్యరాజ్యసమితి 1951లో కాందిశీకుల గురించి ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దానిమీద సంతకం చేయలేదు. కాందిశీకుల కోసం ప్రత్యేక చట్టమూ మనకు లేదు. టిబెట్ వారు వచ్చినప్పుడు, శ్రీలంక తమిళులు వచ్చినప్పుడు ప్రభుత్వం విడివిడిగా నిర్ణయాలు తీసుకుంది. 1960లో మైసూరు ప్రభుత్వం బైలకుప్పె దగ్గర టిబెటన్లకు మూడు వేల ఎకరాల దాకా భూమి ఇచ్చింది. వాళ్ళు అక్కడ మొక్కజొన్న పండించారు, బడులు కట్టుకున్నారు. మన కుప్పం సరిహద్దు దాటగానే వచ్చే కృష్ణగిరి, వేలూరు జిల్లాల్లో శ్రీలంక తమిళుల శిబిరాలు ఉన్నాయి. 1983 నుండి వచ్చినవారికి తమిళనాడు ప్రభుత్వం నెలనెలా సాయం, రేషను ఇస్తూ వచ్చింది. 2021 ఆగస్టులో ఆ శిబిరాల పేరును పునరావాస శిబిరాలు అని మార్చి, కొత్త ఇళ్ళు కట్టిస్తామని ప్రకటించింది. వారికీ పౌరసత్వ సమస్య ఉంది గాని తినడానికి, చదవడానికి అడ్డం లేదు.

రోహింగ్యాల దగ్గర ఉండేది ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు. ఇతను ప్రాణభయంతో వచ్చినవాడు అని ఆ కార్డు చెబుతుంది. కాని ప్రభుత్వం దానిని చట్టబద్ధమైన అనుమతిగా అంగీకరించదు. విదేశీయుల విషయంలో 1946 నాటి చట్టం, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం, కాందిశీకునికీ, అనుమతి లేకుండా వచ్చిన మరో విదేశీయునికీ తేడా చూపించవు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వులో, సమానత్వం, ప్రాణరక్షణ హక్కులు దేశంలో ఉన్న ప్రతి మనిషికీ ఉంటాయనీ, ఇక్కడ నివసించే హక్కు మాత్రం పౌరులదేననీ, చట్టప్రకారమైన పద్ధతి లేకుండా ఎవరినీ వెనక్కి పంపరాదనీ చెప్పింది.

ఇక్కడ పుట్టిన బిడ్డకైనా ఊరట లేదు. పుట్టిన పత్రం ఆసుపత్రి వలన దొరుకుతుంది. కాని 2004 డిసెంబరు 3 తరువాత మన దేశంలో పుట్టిన బిడ్డకు పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండి, రెండోవారు అనుమతి లేకుండా వచ్చినవారై ఉండకూడదు. కనుక హైదరాబాదులో పుట్టి, హైదరాబాదీ ఉర్దూ మాట్లాడే పిల్లకు ఏ దేశమూ లేదు.

ఇటువంటి అవసరం చూసి దళారులు చేరతారు. ఇంత డబ్బిస్తే ఆధార్ తెస్తాను, ఓటరు కార్డు తెస్తాను అంటారు. అలా తీసుకున్నవారు జైలుపాలైన సందర్భాలు ఉన్నాయి. దొంగ కాగితం పట్టుబడితే నష్టం ఆ ఒక్కడికే కాదు, నిజమైన కార్డు ఉన్నవారందరినీ అనుమానంగా చూస్తారు. మన సమాజంలో ఎవరైనా జాలిపడి ఇటువంటి పనికి సాయం చేద్దామనుకుంటే అది జాలి కాదు, కీడు.

కాగితం దొరికినంత మాత్రాన అంతా అయిపోదు. 1971 తరువాత బంగ్లాదేశ్‌లో మిగిలిపోయిన ఉర్దూ మాట్లాడే బీహారీలు ఢాకాలోని జెనీవా క్యాంపు వంటి శిబిరాల్లో ఉండిపోయారు. 2008 మే నెలలో అక్కడి హైకోర్టు తీర్పు వలన వారికి పౌరసత్వం, ఓటు దక్కాయి. అయినా జెనీవా క్యాంపు ఇరుకు గదులు ఖాళీ కాలేదు. ముప్పై ఆరేళ్ళు సరైన చదువు, మంచి పని లేకుండా గడిచిన తరువాత వచ్చిన ఓటు కార్డు, పోయిన తరాన్ని వెనక్కి తేలేదు. అందుకే బడి సంగతి చెప్పాలి.

బడి

బాలాపూర్ పరిసరాల్లో రోహింగ్యా పిల్లలు కొందరు మదర్సాలకు, కొందరు ప్రైవేటు బడులకు, కొందరు ప్రభుత్వ బడులకు పోతున్నారు. స్వచ్ఛంద సంస్థలు సాయం చేస్తున్నాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో దక్కనీ, పుస్తకంలో ఉర్దూ లేక ఇంగ్లీషు, బోర్డుల మీద తెలుగు. మన మదనపల్లె, పుంగనూరు పిల్లల కష్టమూ ఇంచుమించు ఇదే. ఇంట్లో దక్కనీ, క్లాసులో కితాబీ ఉర్దూ, బజారులో తెలుగు, కుప్పం వైపు పోతే తమిళం, కన్నడం కూడా. కనుక ఆ పిల్లల తడబాటు మన ఉర్దూ టీచర్లకు అర్థమైనట్లు మరొకరికి అర్థం కాదు. వారి మాటకు లిపి లేదనే లోటును తీర్చడానికి 1980 దశకంలో మౌలానా మహమ్మద్ హనీఫ్ ఒక కొత్త లిపిని తయారుచేశారు. 2018లో అది కంప్యూటర్లలో వాడే అంతర్జాతీయ లిపుల పట్టికలో చేరింది. దేశం లేకపోయినా అక్షరం నిలబెట్టుకున్నారు వాళ్ళు!

చట్టం ఏమంటున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ లోపు ప్రతి బిడ్డకూ చదువు హక్కు ఉందంటుంది. వయసు ధృవపత్రం లేదని గాని, టీసీ ఆలస్యమైందని గాని చేర్చుకోకుండా ఉండరాదు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో, పిల్లలు నేరుగా ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చుననీ, నిరాకరిస్తే హైకోర్టుకు పోవచ్చుననీ సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక బడికి, ఏదో దూరపు రాష్ట్రం నుండి పనికోసం వచ్చిన ఒక తండ్రి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. రోహింగ్యా కాదు, మన దేశస్థుడే. టీసీ లేదు, పుట్టిన పత్రం లేదు. "కాగితాలు తీసుకుని రండి" అన్నాను. అతను సరేనని దండం పెట్టి పోయాడు. మళ్ళీ రాలేదు. చట్టం ఏం చెబుతుందో చదివి తెలుసుకునే లోపల ఆ కుటుంబం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి, లోపల నల్లబల్ల మీద రాసిన అలిఫ్, బే, పే వైపు చూస్తూ ఉండటం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. శిబిరంలో ఉండేవారిని చూసి ప్రభుత్వాలను నిందించడం తేలిక. ఆ రోజు ప్రభుత్వం నేనే.

మనం చేయగలిగినది

పౌరసత్వం ఇవ్వడం, వెనక్కి పంపడం ప్రభుత్వాల, న్యాయస్థానాల పని. బర్మాలో శాంతి నెలకొని వారు గౌరవంగా తమ ఊళ్ళకు పోగలగాలని కోరుకోవడమే అందరికీ మంచిది. అంతవరకు మనవంటి చిన్న ఊళ్ళ సంఘం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, జకాత్ ఇచ్చేటప్పుడు రిజిస్టరయిన, లెక్క చూపించే సంస్థల ద్వారా ఇవ్వండి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది రకాల వారిలో బాటసారి కూడా ఉన్నాడని మనకు తెలుసు. బాట తెగిపోయినవాడు ఆ లెక్కలోకి రాడా?

రెండవది, చదువుకు ఇవ్వండి. రంజానులో ఒక రోజు బిర్యానీ పెట్టడంకంటే ఒక పిల్ల ఏడాది ఫీజు, పుస్తకాలు మేలు.

మూడవది, మన ఊళ్ళోనే చూడండి. ఇటుక బట్టీల దగ్గర, టమోటా మండీ దగ్గర, కట్టడాల దగ్గర తల్లిదండ్రులతో తిరిగే పిల్లలున్నారు. వాళ్ళు కాందిశీకులు కారు, కాని బడికి వాళ్ళు అంతే దూరం. సంఘం తరఫున ఏటా బడులు తెరిచే వారంలో ఇద్దరు సభ్యులు అటువంటి చోట్లకు పోయి పిల్లల పేర్లు రాసుకుని బడిలో చేర్పిస్తే చాలు. నేను ఆ ఇద్దరిలో ఒకడిగా ఉంటానని ఈ పేజీ ముఖంగా మాట ఇస్తున్నాను.

నాలుగవది, గాలి మాటలు నమ్మకండి. కాందిశీకులంతా దొంగలన్న మాటా తప్పే, కాందిశీకుల్లో తప్పు చేసేవాడే ఉండడన్న మాటా తప్పే. తప్పు చేసినవాణ్ణి చట్టం చూసుకుంటుంది. మిగిలినవారు మనుషులు.

చివరగా ఒక ముచ్చట. ముహాజిర్లు మదీనా చేరినప్పుడు ప్రవక్త వారు ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సార్‌తో అన్నదమ్ములుగా కలిపారు. అలా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ గారు హజ్రత్ సాద్ బిన్ రబీ గారి ఇంటికి వచ్చారు. సాద్ గారు నా ఆస్తిలో సగం నీదే తీసుకో అన్నారు. అబ్దుర్రహ్మాన్ గారు వారికి దువా చేసి, సగం వద్దు, మీ ఊరి బజారుకు దారి ఎటో చూపించండి చాలు అన్నారు. బజారుకు పోయి వెన్న, జున్ను వ్యాపారం చేసి తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు.

ఇన్ని వందల ఏళ్ళ తరువాత కూడా శిబిరంలో ఉన్నవాడు అడిగేది అదే. రంగూన్ నుండి వచ్చినవాడికి మనం బర్మా బజారు దారి చూపించాం. కువైట్ నుండి వచ్చినవాడికి ఇంటి దారి చూపించాం. బాలాపూర్ పిల్లకు కనీసం బడి దారి చూపించగలిగితే, ఆ వెనక బెంచీ పిల్లవాడి ప్రశ్నకు నేను ఇలా జవాబు చెప్పగలను: "వాళ్ళు వచ్చింది మన ఊరికే నాయనా. మనం అన్సార్లమా కాదా అన్నది మన చేతుల్లో ఉంది."

అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.